సెయింట్ మేరీస్ చర్చి, చెన్నై

సెయింట్ జార్జ్ కోటలోని ఈ ఆంగ్లికన్ చర్చి నిర్మాణం 1678లో గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ హయాంలో మొదలైంది. ఖర్చు ఈస్టిండియా కంపెనీది కాదు, స్థానిక ఆంగ్లేయుల చందాలదే. 1680 అక్టోబరు 28న ప్రతిష్ఠించారు. 1753లో రాబర్ట్ క్లైవ్ పెళ్లి ఇక్కడే జరిగింది.

చూపుకు గుడి, కట్టడం కోట. గోడల మందం సుమారు నాలుగడుగులు. ఫిరంగి గుండ్లను తట్టుకునేలా పైకప్పును కలప దూలాలు లేకుండా ఇటుక కమానులతో కట్టారు.

ఆవరణలో పరిచిన సమాధి ఫలకాల కింద సమాధులు లేవు. అవి కోట బయటి పాత శ్మశానానివి. 1758-59 ముట్టడిలో ఫ్రెంచి సైనికులకు అక్కడి ఎత్తైన సమాధులే చాటయ్యాయి. ఆ తర్వాత ఆంగ్లేయులు వాటిని కూల్చి, ఫలకాలను మాత్రం ఇక్కడికి తెచ్చారు. హైదర్ అలీతో యుద్ధం వచ్చినప్పుడు ఆ రాళ్లనే పెకలించి ఫిరంగుల కింద పరిచారు. 1652లో మరణించిన ఎలిజబెత్ బేకర్ పేరున్న ఫలకం వాటిలో అతి పాతది.