భూమి ఆకారం

భూమి గోళమనడం స్థూలమైన మాట. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి, నడుము దగ్గర ఉబ్బిన గోళాభం అనడం అంతకంటే సరైనది. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378.137 కి.మీ., ధ్రువాల వద్ద 6,356.752 కి.మీ. తేడా 21 కి.మీ. పైచిలుకు. దీన్ని భూమధ్యరేఖా వ్యాసార్ధంతో భాగిస్తే సుమారు 1/298.257 వస్తుంది, అదే భూమి చదును. ఉబ్బుకు ప్రధాన కారణం ఆత్మభ్రమణం. భూమధ్యరేఖ మీది బిందువు గంటకు దాదాపు 1,670 కి.మీ. వేగంతో తిరుగుతుంది. హైదరాబాదు అక్షాంశం వద్ద ఆ వేగం 1,600కు కొద్దిగా లోపు, ధ్రువం వద్ద సున్న. ఈ ఉబ్బు వల్లే భూకేంద్రానికి అన్నిటికంటే దూరాన ఉన్న శిఖరం ఎవరెస్టు కాదు, ఈక్వెడార్‌లోని చింబొరాజో. సముద్రమట్టం నుంచి దాని ఎత్తు 6,263 మీటర్లే.

భారతీయ సిద్ధాంత గ్రంథాలు భూమిని గోళంగానే లెక్కించాయి. ఆర్యభటుడు (జననం 476) భూవ్యాసం 1,050 యోజనాలన్నాడు. భూపరిధి 4,967 యోజనాలన్న సంఖ్యను జనరంజక రచనలు తరచు ఆయనకే అంటగడుతున్నాయి గానీ, అది 12వ శతాబ్దికి చెందిన భాస్కరాచార్యుని సిద్ధాంత శిరోమణిలోనిది. ఇద్దరి యోజనమూ ఒకే పొడవు కాదు. కనుక ఈ అంకెలను కిలోమీటర్లలోకి మార్చి ఆధునిక విలువతో 'అచ్చంగా సరిపోయింది' అనడంలో ఎంతో కొంత చొరవ ఉంది.

చదును సంగతి ఐరోపాలో 17వ శతాబ్దిలో తేలడం మొదలైంది. 1672లో జాన్ రిషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలోని కయెన్‌కు తీసుకెళ్లిన లోలక గడియారం అక్కడ రోజుకు సుమారు రెండున్నర నిమిషాలు వెనకబడింది, అంటే అక్కడ గురుత్వం తక్కువ. 1687లో న్యూటన్ చదును 1/230 ఉండాలని గణించాడు. ఫ్రాన్సులో కొలతలు తీసిన కసీనీ వర్గం మాత్రం భూమి ధ్రువాల వైపే సాగి ఉందన్నది. 1735, 1736లలో పెరూకూ లాప్లాండ్‌కూ వెళ్లిన ఫ్రెంచి బృందాల కొలతలతో ఆ వాదం వీగిపోయింది.

ఆ తర్వాతి అధ్యాయంలో పెద్ద భాగం మన నేల మీద నడిచింది. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలవడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి అర టన్ను బరువున్న, కోణాలు కొలిచే థియోడొలైట్‌తో త్రిభుజం పక్కన త్రిభుజం పేర్చుకుంటూ పోయారు. 1815లో నిజాం రాజ్యంలో, బీదరు సమీపాన మరో ఆధార రేఖ కొలిచారు. 1818లో సహాయకుడిగా చేరిన జార్జి ఎవరెస్టుకు కృష్ణా గోదావరుల మధ్య అడవి ప్రాంతం అప్పగించారు. అక్కడ జ్వరాలు బృందాన్ని కుదిపేశాయి. ఆయనా కోలుకోవడానికి కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్లవలసి వచ్చింది. లాంబ్టన్ 1823లో హింగన్‌ఘాట్ వద్ద మరణించగా, మిగిలిన పనిని ఎవరెస్టు హిమాలయ పాదాల వరకు నడిపించాడు. ఇలా దక్షిణం నుంచి ఉత్తరానికి కొలిచిన చాపం మొత్తం సుమారు 2,400 కి.మీ.

1830లో ఎవరెస్టు ఇచ్చిన గోళాభం వ్యాసార్ధం 6,377.276 కి.మీ., చదును 1/300.80. నేటి విలువతో వ్యాసార్ధపు తేడా కిలోమీటరు లోపే. ఈ గోళాభం ఆధారంగానే భారత సర్వే పటాలు తయారయ్యాయి. 2005 జాతీయ పటాల విధానం తర్వాతే ప్రజల వాడకానికి కొత్త ప్రమాణంతో పటాలు వచ్చాయి. తెలంగాణ ప్రాంతపు పాత పటం మీది స్థానాన్ని మార్పు లేకుండా జీపీఎస్‌లో పెడితే గురి వంద మీటర్లకు పైగా తప్పుతుంది.

ఈ సర్వేలోనే ఒక చిన్న వ్యత్యాసం పెద్ద సిద్ధాంతానికి దారితీసింది. ఉత్తరాది కేంద్రాలైన కలియానా, కలియాన్‌పూర్‌ల అక్షాంశ భేదం త్రిభుజాల లెక్కకూ నక్షత్ర పరిశీలనకూ మధ్య 5.236 సెకన్లు తేడాగా వచ్చింది. హిమాలయాలు దారానికి వేలాడే గుండును తమవైపు లాగడమే కారణమనుకుని కలకత్తా ఆర్చ్‌డీకన్ జె. హెచ్. ప్రాట్ 1855లో లెక్క కట్టాడు. తేడా 15.885 సెకన్లు రావాలి! అంటే కొండల కింద ద్రవ్యం అనుకున్నంత లేదు. తేలికైన భూపటలం కొండల కింద వేళ్లలా లోతుకు దిగి ఉంటుందని అదే ఏడు జార్జి ఎయిరీ ప్రతిపాదించాడు. లోతు ఒకటే, సాంద్రతే మారుతుందని ప్రాట్ 1859లో అన్నాడు. టిబెట్టు కింద భూపటలం 70 కి.మీ. దాకా, ద్వీపకల్పం కింద 35-40 కి.మీ. ఉన్నట్టు భూకంప తరంగాలు చూపుతున్నందున, హిమాలయాల మట్టుకు ఎయిరీదే బలమైన వాదం.

అసలు సముద్రమట్టమే సమంగా లేదు. గురుత్వ బలాన్ని బట్టి నిలిచే ఆ తలాన్ని జియోయిడ్ అంటారు. అది ప్రపంచంలో అన్నిటికంటే పల్లంగా ఉండేది శ్రీలంకకు దక్షిణాన, హిందూ మహాసముద్రంలో: గోళాభం కంటే సుమారు 106 మీటర్లు దిగువన. ఒకప్పటి టెథిస్ సముద్రగర్భపు పాత పలకలు లోపలికి కుంగడమే కారణమని కొందరన్నారు. ఆఫ్రికా అడుగునుంచి వచ్చే వేడి, తేలిక ద్రవ్యానిదే ముఖ్యపాత్ర అని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు 2023లో వాదించారు. టెథిస్ పలకలు ఆ ద్రవ్యాన్ని కదిలించి ఉంటాయని వారూ ఒప్పుకుంటారు గనుక ఈ వివరణే ఎక్కువ పొందికగా కనిపిస్తుంది. ఈ పల్లం అంచు మన తీరానికీ తగులుతుంది. జియోయిడ్ సవరణ చేయని జీపీఎస్ చెన్నై సముద్రపు ఒడ్డున ఎత్తును సున్నకు 80 మీటర్లకు పైగా దిగువన చూపిస్తుంది.