గాలిమార్పు

కొత్త ఊరికి కాపురం మార్చిన మనిషి ఆరు నెలలలో చిక్కిపోతే "పాపం, అతనికి ఆ ఊరి నీళ్ళు పడలేదు" అంటారు మన పెద్దలు. ఒళ్ళు చేసి తిరిగివస్తే "నీళ్ళు పడ్డాయి" అంటారు. జబ్బు నుండి తేరుకొంటున్నవానికి మందుతోపాటు గాలిమార్పు కూడా చెప్పడం వైద్యులకు చిరకాలం వాడుకగా ఉండినది. చిన్న మాటలే అయినా వీటి వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. మనిషి ఆరోగ్యానికి అతడు నివసించే చోటు ఎంతవరకు కారణం అన్నది వైద్యశాస్త్రం రెండువేల ఏండ్లకు పైగా అడుగుతూ వచ్చిన ప్రశ్న. చోటు మార్చుకొనే శక్తి లేనివాని గతి ఏమిటి అన్నది దానికి తోబుట్టువు వంటి ప్రశ్న. దీనిని అడగడానికి మాత్రం లోకానికి చాలా కాలం పట్టినది.

చరకసంహిత భూమిని జాంగలము, ఆనూపము, సాధారణము అని మూడు తెగలు చేసినది. నీరు తక్కువై, చెట్లు పలుచనై, గాలి విసురుగా వీచేది జాంగలం. నీటిపట్టున ఉండి తేమతో నిండినది ఆనూపం. రెండింటి లక్షణాలూ సమంగా కలిసినది సాధారణం. మొదటిదానిలో వాతమూ, రెండవదానిలో కఫమూ ప్రకోపిస్తాయని, మూడవది నివాసానికి శ్రేష్ఠమని శాస్త్రకారుల మతం. మన నేలకు అన్వయించుకొంటే అనంతపురం మెట్టభూములను జాంగలానికీ, కోనసీమ కొబ్బరితోటలను ఆనూపానికీ ఉదాహరణలుగా చెప్పుకోవచ్చు. ఆ సంహితలోనే జనపదోద్ధ్వంసనం అనే అధ్యాయం ఒకటి ఉన్నది. మనుష్యుల దేహప్రకృతులు వేరు వేరుగా ఉండగా ఒక ఊరివారందరూ ఒకేసారి ఒకే రోగానికి గురి అవుతారేమి అని అక్కడి ప్రశ్న. గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ అందరికీ ఉమ్మడి గనుక, అవి చెడితే అందరూ చెడుతారని సమాధానం. గ్రీకుదేశంలో హిప్పోక్రటీసు పేరిట వెలసిన ఒక గ్రంథం కూడా ఇటువంటి మాటే చెప్పినది. కొత్త ఊరికి వెళ్ళిన వైద్యుడు రోగిని చూడడానికి ముందే ఆ ఊరికి ఏ దిక్కు గాలి వీస్తుందో, అక్కడివారు ఏ నీరు త్రాగుతారో తెలుసుకోవాలట.

అయితే ఊళ్ళు వైద్యులు కట్టినవి కావు. మచిలీపట్నాన్ని చూడండి. ఉప్పుటేళ్ళు, బురదనేలలు, పోటుకు మునిగే దారులు. అయినా అద్దకపు బట్టల కోసం, రేవు కోసం ఇంగ్లీషువారు 1611లో అక్కడ కోఠీ తెరిచినారు. జ్వరాలతో ఎందరు పోయినా వ్యాపారం వారిని కదలనీయలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుతో సముద్రం ఊరిమీదికి వచ్చి సుమారు ముప్పైవేల ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత కూడా మిగిలినవారు ఆ చోటనే ఇళ్ళు కట్టుకొన్నారు. ఎక్కడికి పోతారు? దీనికి భిన్నమైన కథ హైదరాబాదుది. గోలకొండ కోటలో జనం క్రిక్కిరిసి, నీరు చాలక, అంటురోగాలు పెచ్చుపెరిగినందున మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో మూసీనది ఆవలి ఒడ్డున కొత్త నగరం నిర్మించినాడని చరిత్రకారులు చెప్పుతారు. ఆరోగ్యం కోసం రాజధానినే మార్చడం రాజుకు చెల్లినది.

ఇంగ్లీషు దొరలు కూడా కొంతకాలానికి ఆ బాటే పట్టినారు. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులు ఎక్కి, కొద్ది ఏండ్లలోనే ఉదకమండలంలో ఇల్లు కట్టుకొన్నాడు. తరువాత మదరాసు ప్రభుత్వమే వేసవి వచ్చేసరికి కాగితాల కట్టలతో సహా కొండ ఎక్కడం మొదలుపెట్టినది. మన సీమలో కడప కలెక్టరు హార్స్‌లీ 1860ల దశకంలో మదనపల్లె సమీపాన నాలుగువేల అడుగులకు మించిన ఏనుగు మల్లమ్మ కొండమీద వేసవి విడిది కట్టుకొన్నాడు. పాపం, మల్లమ్మ పేరు వెనుకబడి దొర పేరే కొండకు నిలిచిపోయినది. అయితే కొండగాలి దొరలనైనా అన్నివేళలా కాపాడలేదు. దత్తమండలాల ప్రజలు మన్రోలప్ప అని పిలుచుకొన్న సర్ థామస్ మన్రో, గవర్నరుగా 1826లో నీలగిరుల చల్లదనం చూసివచ్చి, మరుసటి ఏడు జూలైలో కర్నూలు సీమ పత్తికొండలో కలరాతో మరణించినాడు. కలరా నీటి ద్వారా సంక్రమిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

గాలిమీద మోపిన నేరాలలో పెద్దది మలేరియా. ఇటలీ భాషలో ఆ మాటకు చెడుగాలి అనియే అర్థం. మన్యానికి బదిలీ అయిన ఉద్యోగి ఆలుబిడ్డలను ఊరిలో దిగవిడిచి, మన్యపు జ్వరానికి భయపడుతూ ఒంటరిగా బయలుదేరిన కాలం ఒకటి ఉండేది. అడవిగాలి, ఆకులు కుళ్ళిన నీళ్ళు ఆ జ్వరానికి కారణమని నమ్మేవారు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, అందులో ఆ రోగజీవిని గుర్తించినాడు. గాలి నిర్దోషి అని తేలినది. పెద్దలు చోటును అనుమానించడం మాత్రం తప్పు కాదు. నీరు నిలిచేచోట దోమలు పుట్టేమాట నిజమే కదా! వారు దోషి ఉన్న ఇంటిని సరిగానే చూపినారు, దోషిని మాత్రం పోల్చుకోలేదు.

మరొకచోట నీరే దోషి అయినది. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలు పడడం, నడివయసుకే నడుము, మెడ కొయ్యబారిపోవడం తరతరాలుగా ఉన్నది. 1937లో వైద్య పరిశోధకులు దీనికి కారణం బావినీటిలో మితిమీరిన ఫ్లోరైడు అని ప్రకటించినారు. తరువాత నల్లగొండ జిల్లా ఊళ్ళలోనూ అదే వ్యాధి బయటపడినది. భూమి అడుగున ఉన్న రాతినుండి ఫ్లోరైడు నీటిలో దిగుతుంది. నీరు తేటగానే ఉంటుంది, రుచిలోనూ లోపం తెలియదు. "ఆ ఊరి నీళ్ళు పడలేదు" అనే మాట ఇక్కడ అక్షరాలా సత్యం. కాని పొలమూ, పుట్టా, బంధుబలగమూ ఉన్న ఊరిని వదలి రైతు ఏ నీళ్ళు పడేచోటికి పోగలడు? ఆ ఊరికి పిల్లనిచ్చేవారు వెనుకాడినారేగాని, ఊరు లేచిపోలేదు. చివరకు మనుషులు కదలలేదు, నీరు కదిలినది. పటికతో, సున్నంతో ఫ్లోరైడును విరిచే పద్ధతిని నాగపూరు పరిశోధకులు రూపొందించగా అది నల్లగొండ పేరనే లోకానికి తెలిసినది. ఆపైన కృష్ణాజలాలను గొట్టాలలో ఆ ఊళ్ళకు తెచ్చినారు. ఆలస్యంగా తెచ్చినారన్నది నా అభిప్రాయం. వంగిన వెన్నెముకలు కొత్తనీటితో తిరిగి నిటారు కావు.

ఇక క్షయరోగం సంగతి. గాలిమార్పు అనే మాటకు అసలైన గౌరవం తెచ్చినది ఈ రోగమే. పందొమ్మిదవ శతాబ్ది నడుమ బ్రేమర్ అనే జర్మను వైద్యుడు సైలీషియా కొండలలో క్షయరోగులకు శానిటోరియం స్థాపించినాడు. కొంత ఎత్తున క్షయ పుట్టదని ఆయన విశ్వాసం. స్విట్జర్లాండులోని దావోసు పల్లె ఇటువంటి విశ్వాసంతోనే ప్రసిద్ధికెక్కినది. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయక్రిమిని బెర్లినులో ప్రకటించిన తరువాత కూడా ఆ కొండలకు రద్దీ తగ్గలేదు. క్రిమి తెలిసినదే గాని దానిని చంపే మందు లేదు. మందు లేనప్పుడు మిగిలినవి గాలి, విశ్రాంతి, ఆహారం.

మన దేశంలో 1906లో అజమీరు వద్ద తిలోనియాలోను, 1909లో సిమ్లా కొండలలోని ధరంపూరులోను శానిటోరియంలు వెలసినవి. దక్షిణదేశంలో ఇటువంటిది నెలకొల్పాలని కొన్ని క్రైస్తవ మిషనులు కలిసి ఆలోచించి మదనపల్లెను ఎన్నుకొన్నవి. 1912లో చిన్నగా మొదలైన ఆ వైద్యశాల 1915లో ఊరికి కొద్ది మైళ్ళ దూరాన ఇప్పటి స్థలానికి చేరినది. ఆ చోటికి ఆరోగ్యవరం అని పేరు. డెన్మార్కు దేశీయుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానిని తీర్చిదిద్దినాడు. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు, పొడిగాలి, తక్కువ వాన, మదరాసు ఉక్క లేని వేసవి, నీలగిరుల చలి లేని శీతకాలం. చరకుడు చూసి ఉంటే దానిని ఏ తెగలో చేర్చేవాడో! దక్షిణదేశ యాత్రలో అలసిన రవీంద్రనాథ ఠాకూరు 1919లో మదనపల్లెలో కొన్ని దినాలు విశ్రమించినాడు. జనగణమన గీతానికి ఆంగ్లానువాదం అక్కడనే చేసినాడు. ఆ వాతావరణం ఆరోగ్యవంతునికి కూడా హితవైనదే అన్నమాట.

శానిటోరియం జీవితం తపస్సువంటిది. తెల్లవారినది మొదలు తెరచిన వరండాలో మంచంమీద పడుకోవడం, వేళకు పాలు, గ్రుడ్లు, వేళకు జ్వరం చూడడం. జ్వరం దిగితే కొన్ని అడుగులు, ఇంకా దిగితే మరికొన్ని అడుగులు నడక. కొందరికి రొమ్ములోనికి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తికి విశ్రాంతి ఇచ్చేవారు. ఇది నెలలతో తీరేది కాదు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టేది. ఎందరో బాగుపడి ఇంటికి చేరినారు. అక్కడి వైద్యుల కరుణను, క్రమశిక్షణను తక్కువ చేయడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే ఒక కూలివాడు ఏడాదిపాటు మంచంమీద ఉంటే అతని ఇంట పొయ్యి వెలిగించేవారెవరు? దేశంలో రోగులు లక్షలు, శానిటోరియం మంచాలు వేలు. మంచం ఖాళీ అయ్యేలోపల ప్రాణం ఖాళీ అయినవారి లెక్క ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

1940ల దశకంలో స్ట్రెప్టోమైసిను, 1952లో ఐసోనియాజిడు వచ్చినవి. మందు దొరికినది. అయినా గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం లేక ఆ మందు పనిచేస్తుందా అనే సందేహం వైద్యలోకాన్ని పట్టుకొని ఉన్నది. దానిని తేల్చడానికి 1956లో మదరాసులో భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధన మండలి, మదరాసు ప్రభుత్వం కలిసి ఒక కేంద్రాన్ని తెరిచినవి. డాక్టరు వాలెస్ ఫాక్స్ నాయకుడు. నగరంలోని 193 మంది పేద రోగులను చీటీలు వేసినట్లు రెండు జట్లుగా విడదీసినారు. ఒక జట్టు శానిటోరియానికి వెళ్ళినది. రెండవ జట్టు తమ ఇరుకిళ్ళలోనే ఉండి, వారం వారం కేంద్రానికి వచ్చి మాత్రలు తీసుకొనిపోయినది. ఇరువురికీ మందు ఒకటే, గడువు ఏడాది.

ఫలితాలు 1959లో ప్రకటించినారు. శానిటోరియంలో ఉన్నవారిలో నూటికి 92 మందికి, ఇంటిలో ఉన్నవారిలో నూటికి 86 మందికి వ్యాధి అణగినది. ఆ స్వల్పభేదం లెక్కలోనికి రానిదని పరిశోధకులు తేల్చినారు. అయిదేండ్ల తరువాత చూస్తే ఆ భేదమూ మిగలలేదు. శానిటోరియంవారు మంచి భోజనం చేసి ఎక్కువ బరువు పెరిగినారు. ఇంటివారు అర్ధాకలితో, పనులు చేసుకొంటూనే బాగుపడినారు. అన్నిటికంటె ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉన్నది. రోగిని ఇంటిలో ఉంచితే పిల్లలకు అంటుకొంటుందన్న భయం నిజం కాలేదు. అంటవలసినది మందు మొదలుపెట్టక మునుపే అంటుతున్నదని, మందు మొదలైన తరువాత ప్రమాదం తగ్గుతున్నదని తెలిసినది. ఈ ఫలితం మన దేశంలోనే కాక లోకమంతటా క్షయచికిత్సను కొండలమీది నుండి వీధిలోని వైద్యశాలకు దింపినది.

దీనిని పట్టుకొని చోటుతో పని లేదనేవారు కొందరు బయలుదేరినారు. అది తొందరపాటు. ఆ పరిశోధన రోగం కుదిరే విధానాన్ని గురించినదేగాని రోగం పుట్టే విధానాన్ని గురించినది కాదు. క్షయక్రిమి దగ్గుతుంపరలతో గాలిలో తేలుతుంది. గాలి ఆడని గదిలో పదిమంది పడుకొంటే ఒకరినుండి మరొకరికి చేరుతుంది. గదికి ఎదురెదురుగా రెండు కిటికీలు ఉంటే ఆ గాలి చెదరిపోతుంది. కనుక శానిటోరియంవారి తెరచిన వరండాలు వ్యర్థం కావు. అవి లోపలి రోగికి చేసిన మేలు వారు అనుకొన్నంత కాకపోవచ్చు, పక్కమంచం వానికి మాత్రం తప్పక మేలు చేసి ఉంటాయి. ఇల్లు వెతుక్కొనేవారు ఊరి ఎత్తును విచారించడం కంటె పడకగది కిటికీలను లెక్కపెట్టుకోవడం మేలని నాకు తోస్తుంది. పట్టణాలలో గోడకు గోడ ఆనించి కట్టే అద్దె ఇళ్ళలో ఆ లెక్క చాలాసార్లు ఒకటి దగ్గర, ఒక్కొక్కప్పుడు సున్న దగ్గర ఆగిపోతుంది.

ఆరోగ్యవరం ఈనాటికీ వైద్యశాలగానే ఉన్నది. క్షయరోగులకే కాక ఇతర రోగులకు కూడా అక్కడ చికిత్స జరుగుతున్నది. ఏడాదికేడాది మంచం పట్టడానికి పెట్టే బేడా సర్దుకొని దూరదేశాలనుండి మదనపల్లె బండి దిగే రోగులు మాత్రం ఇప్పుడు లేరు. చుట్టుపట్ల పల్లెలవారు ఉదయం వచ్చి, చూపించుకొని, మందు తీసుకొని, సాయంత్రానికి ఇల్లు చేరుకొంటున్నారు.