చీరాల-పేరాల: ప్రభుత్వం వద్దన్న ఊరు

ప్రభుత్వానికి ఎందుకు లోబడాలి అన్న ప్రశ్నకు పాత జవాబొకటి ఉంది. క్రీస్తుకు పూర్వం 399లో ఏథెన్సు జైలులో సోక్రటీసు చెప్పాడని ప్లేటో రాసినది: నచ్చకపోతే ఊరు విడిచి వెళ్ళవచ్చు, ఉన్నావంటే ఒప్పుకున్నట్టే. మన చీరాలవారు 1921లో ఈ మాటను అక్షరాలా అమలు చేశారు.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు, అప్పుడు గుంటూరు జిల్లాలోవి. జనం సుమారు 15,000. మగ్గం మీద బతికేవారు ఎక్కువ. 1919లో మద్రాసు ప్రభుత్వం రెంటినీ కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏటా 4,000 రూపాయలుండే పన్ను 40,000 అయిందని చరిత్రకారులు రాశారు. అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. మునిసిపాలిటీ అంటే మంచినీళ్ళు, మురుగుకాలువలు, టీకాలు కదా, వద్దనడమెందుకని వైద్యవృత్తిలో ఉన్న మాకు తోచకపోదు. కాని కట్టేవాణ్ణి ఒక్క మాట అడగకుండా చేసే మేలు వాడికి మేలుగా ఎలా కనబడుతుంది?

ఒక సంగతి చాలామంది మరిచిపోతుంటారు. 1920 చివరినుంచి స్థానిక స్వపరిపాలన శాఖ చూసిన మంత్రి తెలుగువారే, పానగల్లు రాజా రామరాయణింగారు. అయితే ఆనాడు ఓటు ఆస్తిపాస్తులున్న కొద్దిమందికే. కాబట్టి తగవు తెల్లవాడితో మాత్రమే కాదు.

1921 ఏప్రిల్లో, బెజవాడ కాంగ్రెసు సమావేశం కాగానే, గాంధీగారు చీరాల వచ్చి రెండు దారులు చూపారు: పన్ను మాని శిక్ష అనుభవించడం, లేదా మునిసిపాలిటీ ఎల్ల దాటిపోవడం. ఎడింబరోలో ఎం.ఏ. చదివివచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఊరిని రెండో దారిన నడిపించారు. 13,000 మందికి పైగా ఇళ్ళు వదిలి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగరమని పేరు పెట్టారు.

మాకు విశేషంగా కనిపించేది ఆ తరువాతి కథ. ప్రభుత్వం వద్దని వచ్చినవాళ్ళు అక్కడ ఏం చేశారు? ప్రతినిధులతో ఒక సభ ఏర్పాటు చేసుకున్నారు. తగవులు తీర్చడానికి పంచాయతీ పెట్టుకున్నారు. క్రమం చూడడానికి రామదండు ఉండనే ఉంది. పాకలు వేసుకున్నారో లేదో పాలన కావలసివచ్చింది! కాకపోతే ఈ పాలకుడు పక్క పాకలోనే ఉంటాడు, నిలదీయవచ్చు.

మనమూ ఊరు విడిచినవాళ్ళమే, అయితే పన్నుకు భయపడి కాదు. ఒషావాలో ఇంటిపన్ను కాగితం వస్తే గొణుక్కుంటూ కడతాం, వీధిలో మంచు తీయకపోతే ఫోను చేస్తాం. పౌరసత్వం పుచ్చుకున్నవాళ్ళం ప్రమాణం చేసి మరీ ఒప్పుకున్నాం. ఇక్కడే పుట్టిన మన పిల్లలనెవరూ అడగలేదు. నచ్చకపోతే వెళ్ళమంటే వాళ్ళెక్కడికి వెళ్ళాలి? సోక్రటీసు జవాబు ఈ చోట మాకు చాలడం లేదు.

రామనగరం సుమారు పదకొండు నెలలు నిలిచింది. పన్ను కట్టక జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నారు. మాట్లాడరాదన్న ఆంక్షను ధిక్కరించినందుకు దుగ్గిరాలవారిని 1921లోనే బరంపురంలో పట్టుకుని, ఏడాది శిక్షవేసి తిరుచినాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేక, చేతిలో డబ్బాడక, 1922లో జనం ఒక్కొక్కరే పాత ఇళ్ళకు తిరిగివచ్చారు. దుగ్గిరాలవారు 1928లో, నలభై నిండకుండానే, క్షయతో పోయారు. చీరాల నేడు బాపట్ల జిల్లాలో ఉంది. మునిసిపాలిటీయే.