పాలబాస, ఇనుప కడియం: దేవరగట్టు బన్నిలో ఉద్దేశం, తెంపరితనం

సారాంశం: కొట్టినవాడికి పగ లేదని తేలితే ఉద్దేశం తొలగిపోవచ్చు గానీ, ఎరుక తొలగదు. ఏటా జరిగే ఆచారమే ఆ ఎరుకకు సాక్ష్యమని ఈ వ్యాసం వాదిస్తుంది.

1. ఆచారం

పశ్చిమ కర్నూలులో, ఆదోనికి నైరుతిన హొళగుంద మండలంలో ఉంది దేవరగట్టు. విజయదశమి అర్ధరాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగిశాక ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాసులు వాటికి కాపు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వాటిని దక్కించుకోవాలని దివిటీల వెలుగులో కర్రలతో ఎదురొస్తారు. ఈ కర్రల సమరమే బన్ని. చాలా కర్రల కొసలకు ఇనుప కడియాలు ఉంటాయి. తల పగిలితే బండారు (పసుపు) అద్దుకుని మళ్లీ గుంపులోకి దూకేవాళ్లున్నారు; దెబ్బ గట్టిదైతే ఆలూరు, ఆదోని ఆసుపత్రులే గతి. సమరానికి ముందు మూడు ఊళ్లవాళ్లూ పాల మీద ప్రమాణం చేసి కక్షలు పక్కన పెడతారు. అదే పాలబాస.

2. చట్టంలో మెట్లు

ముప్పు ఉందని తెలిసీ 'ఏమైతే అదే అయింది' అని తెగించడాన్ని ఇంగ్లండు న్యాయం విడిగా గుర్తిస్తుంది. మన చట్టంలో ఆ తెంపరితనం చాలావరకు 'ఎరుక' కిందికే వస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ ప్రకారం, ప్రాణం పోవచ్చని తెలిసి చేసిన పనికి, చంపే ఉద్దేశం లేకున్నా, పదేళ్ల వరకు జైలు. 106(1) కింద నిర్లక్ష్యపు మరణానికి శిక్ష ఐదేళ్ల వరకే. ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద పత్తి లారీ డ్రైవరు ఒక్క క్షణం ఏమరడం నిర్లక్ష్యం. బ్రేకులు పడవని తెలిసీ కిక్కిరిసిన సంతలోకి తోలడం ఎరుక.

రాయవరపు పున్నయ్య కేసు (1976) ఇంకో మెట్టు పైది. గుంటూరు జిల్లాలో ఒక వ్యక్తిని బరువైన కర్రలతో, ఎక్కువగా కాళ్లూ చేతుల మీదే కొట్టారు. 19 గాయాలయ్యాయి, మనిషి చనిపోయాడు. హైకోర్టు నేరాన్ని తగ్గించినా సుప్రీంకోర్టు హత్యేనని తేల్చింది. చంపాలనుకోకపోయినా, ప్రాణం తీయగల ఆ గాయాలనే కావాలని చేశారన్నది దాని తర్కం. అక్కడ కర్రకు ఎంచుకున్న మనిషి ఉన్నాడు. బన్నిలో ఆ దెబ్బ ఎవరి తల మీద పడుతుందో కొట్టేవాడికే తెలియదు.

3. సమ్మతి, సారా

'దిగినవాళ్లంతా ఇష్టపడే దిగారు' అన్న సమర్థనకు న్యాయ సంహిత 25వ సెక్షన్ కొంత చోటిస్తుంది. అయితే సమ్మతించినవారికి 18 ఏళ్లు దాటాలి. తీవ్రగాయం కావచ్చన్న ఎరుక కొట్టినవాడికి ఉండకూడదు. ఎముక విరిగితే అది తీవ్రగాయమే. పక్కన నిలబడి చూసేవాడు సమ్మతి ఇచ్చినట్టూ కాదు. మత్తులో ఉన్నానన్న సాకూ నిలవదు: సొంతంగా తాగివచ్చినవాడికీ, తాగనివాడికి ఉండే ఎరుకే ఉన్నట్టు 24వ సెక్షన్ భావిస్తుంది.

4. ముగింపు

పాలబాస నిజాయితీని శంకించనక్కర్లేదు. పగ లేదనడానికి అది మంచి సాక్ష్యం. కానీ ఏటా తలలు పగలడం చూసినవాడు, మరుసటి ఏడాది కర్రకు కడియం తొడిగి వస్తే, 'తెలియదు' అనే మాటకు చోటుండదు. కాబట్టి దర్యాప్తు చేసేవాళ్లు పాత కక్షలను తవ్వడంతో ఆగకుండా, కర్ర కొసనూ చూడాలి.