అక్షరం మారితే కనిపించని దృశ్యం

ఫిల్మ్ ముక్కను కంటితో చూసి చేత్తో అతికించిన కాలం క్రమంగా వెనుకబడి, 1989లో అవిడ్ మీడియా కంపోజర్, 1999లో ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు వచ్చాక దృశ్యం డిస్కులోకి చేరింది. దానితో పాటే, కళ్లెదుటి డిస్కును సాఫ్ట్‌వేర్ గుర్తించకపోవడమనే కొత్త చిక్కు ఎడిటర్ల పాలబడింది. దీని మూలం తరచుగా ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైలు డిస్కుపై ఎక్కడుందో నమోదు చేసే పద్దులో ఉండేది. 1996 నాటి ఫ్యాట్32ను విండోస్, మ్యాక్ రెండూ చదివినా, అందులో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లకు మించరాదు గనుక, గంటకు సుమారు 13 గిగాబైట్లు మింగే డీవీ వీడియో 20 నిమిషాలు తిరక్కుండానే ఆ హద్దును తాకేది. మైక్రోసాఫ్ట్ వారి ఎన్‌టీఎఫ్ఎస్‌ను మ్యాక్ చదవడమే గాని దానిపై రాయలేకపోయింది. యాపిల్ 1998లో తెచ్చిన హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌ను విండోస్ తనంతట తాను పోల్చుకోనేలేదు. 2006లో పుట్టిన ఎక్స్‌ఫ్యాట్ ఈ గోడను చాలావరకు కూల్చినా, మ్యాక్ దానిని 2010లో గాని స్వీకరించలేదు.

మరొక చిక్కు ఇంతకంటె విచిత్రమైనది: ప్రాజెక్టు ఫైలులో సాధారణంగా దృశ్యం ఉండదు, దాని చిరునామా మాత్రమే ఉంటుంది; అందువల్ల దృశ్యం ఉన్న డిస్కుకు విండోస్ ఇచ్చిన డ్రైవ్ అక్షరం (డి, ఇ వంటిది) మారితే, దృశ్యాలన్నీ పదిలంగా ఉన్నా సాఫ్ట్‌వేర్ వాటిని 'ఆఫ్‌లైన్' అని ప్రకటిస్తుంది, పాత అక్షరాన్ని తిరిగి కేటాయించడమో, రీలింక్ ద్వారా కొత్త చోటును చూపడమో చేసేంతవరకు.