గీతలు పడ్డ కారుకే కిరీటం

పాత కార్ల ప్రదర్శనలో చూడాల్సిందేమిటో తేల్చుకోవడానికి పెబుల్ బీచ్‌కు 74 ఏళ్లు పట్టింది

పెబుల్ బీచ్ కార్ల ప్రదర్శన ఒక రేసుకు తోకగా పుట్టింది. 1950 నవంబరులో కాలిఫోర్నియా తీరాన, డెల్ మాంటే అడవి దారుల్లో స్పోర్ట్స్ కార్ల పందెం పెట్టారు. దానికి అనుబంధంగా అందమైన కార్లను ఒకచోట నిలబెట్టి పోటీ జరిపారు. పందెం గెలిచింది జాగ్వార్ నడిపిన ఫిల్ హిల్. అందాల పోటీలో నెగ్గింది స్టెర్లింగ్ ఎడ్వర్డ్స్ కట్టించుకున్న సరికొత్త కారు. తొలి ఏళ్లలో పెద్ద బహుమతి కొత్త కార్లకే దక్కేది.

ఆ వరస మార్చింది కూడా ఫిల్ హిల్లే. తమ కుటుంబంలోనే ఉన్న 1931 నాటి పియర్స్ యారో కారును బాగుచేసి 1955లో తీసుకొచ్చి మొదటి బహుమతి కొట్టాడు. దాంతో పోటీ పాత కార్ల వైపు మళ్లింది. మరుసటి ఏడాదే పందెంలో ఎర్నీ మెకాఫీ నడుపుతున్న ఫెరారీ చెట్టును ఢీకొని ఆయన చనిపోయాడు. అడవి దారుల్లో రేసులు అంతటితో ఆగి, 1957లో లగూనా సెకా ట్రాక్‌కు తరలిపోయాయి. తోక మాత్రం మిగిలింది.

మెరుగు మితిమీరింది

పరుగు పోయాక మిగిలింది మెరుగే. మడ్‌గార్డు లోపలి వైపు కూడా అద్దంలా ఉండాలన్నంతగా పోటీ ముదిరింది. ఫ్యాక్టరీలోంచి వచ్చిన రోజున కూడా లేనంత నిగనిగ పాత కార్లకు పట్టించారు. గడ్డి మీదికి వచ్చేదాకా చక్రం రోడ్డుకు తగలకుండా ట్రక్కుల్లో మోసుకొచ్చేవారూ తయారయ్యారు.

దీనికి విరుగుడుగా 1998లో నిర్వాహకులు ‘టూర్’ మొదలుపెట్టారు. పోటీకి వచ్చిన కార్లు ముందుగా రోడ్డెక్కి తిరిగి రావాలి. తప్పనిసరి కాదు గానీ, ఒక విభాగంలో రెండు కార్లకు సమానంగా మార్కులు వస్తే టూర్ పూర్తి చేసిన దానిదే గెలుపు. ఈ శతాబ్దం మొదట్లో ఇంకో అడుగు వేసి, ఎవరూ మార్చని, రంగు వేయని కార్లకు విడిగా విభాగం పెట్టారు. ఇందులో న్యాయముంది. రంగు ఎన్నిసార్లైనా వేయొచ్చు. అసలు రంగు ఒక్కసారి గీకేస్తే మళ్లీ రాదు. ఆనాటి పనివాడు తోలు ఎలా కుట్టాడో, రేకు ఎక్కడ అతికాడో తెలియాలంటే చెయ్యి పడని కారునే చూడాలి.

2024లో ఆ విభాగం నుంచి తొలిసారి ఒక కారు మొత్తం ప్రదర్శనకే విజేత అయింది: 1934 నాటి బుగాటీ టైప్ 59. అది ఆ ఏడు బెల్జియం గ్రాండ్ ప్రీ గెలిచిన కారు. తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ చేతికి వెళ్లింది. ఆయన కాలపు నలుపు రంగు, దాని మీది గీతలూ చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి.

నిజాం రైల్వే ఫైరింజన్

మన దేశంలో ‘ది స్టేట్స్‌మన్’ పత్రిక 1964లో ఢిల్లీలో మొదలుపెట్టిన వింటేజ్ ర్యాలీ ఈ పాఠాన్ని ముందే పట్టుకుంది. ర్యాలీ అంటేనే రోడ్డు మీద నడపడం. అందులో మన హైదరాబాద్ బండి కూడా పరుగులు తీసింది. 1914లో ఇంగ్లండ్‌లో తయారై నిజాం రైల్వేలో పనిచేసిన జాన్ మోరిస్ ఫైరింజన్ అది. ఇప్పుడు దాని నివాసం ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం. గాలి లేని గట్టి రబ్బరు చక్రాల మీద అది కదులుతుంటే చూసినవాళ్లకు నూరేళ్ల కిందటి ప్రయాణం ఎంత కుదుపో వివరించి చెప్పక్కర్లేదు.

పెబుల్ బీచ్‌లో అసలైన అభిమానులు తెల్లవారకముందే చేరతారు. చీకట్లో కార్లు తమంతట తాము నడిచి మైదానంలోకి వచ్చే ఆ ఘట్టానికి ‘డాన్ పట్రోల్’ అని పేరు. మన ఊళ్లో పాత కార్ల ప్రదర్శన పెడితే మీరూ అదే పని చేయండి: పొద్దున్నే గేటు దగ్గర నిలబడండి. ఇంజన్ మోగించుకుంటూ వచ్చినవెన్నో, లారీ దిగినవెన్నో లెక్కపెట్టండి. టికెట్ కొనాలో వద్దో అక్కడే తేలిపోతుంది.