లేత మనసుల ప్రయాణం: మ్యూనిక్ నుండి మద్రాసు మీదుగా బందరు రోడ్డు వరకు

దూరమైన తల్లిని చూడటానికి అక్కాచెల్లెళ్ళు ఇల్లు విడిచి బయలుదేరే కథతో చలనచిత్రాలు పలు భాషలలో వచ్చాయి. ఇది కొత్త కాలపు కథ అని చాలామంది అనుకొంటారు. కాని ఇటువంటి కథ ఒకటి 1966లోనే తెలుగు తెరకెక్కింది. ఆ చిత్రం పేరు ‘లేత మనసులు’. ఏ.వి.ఎం. వారు నిర్మించగా కృష్ణన్–పంజు ద్వయం దర్శకత్వం వహించారు. హరనాథ్, జమున దంపతులుగా నటించారు. ఒకరితో ఒకరికి పరిచయం లేకుండా పెరిగిన కవల బాలికల పాత్రలు రెండింటినీ కుట్టి పద్మిని ఒక్కతే పోషించింది.

నాకు పది పదకొండేళ్ళ వయసులో, ఆ చిత్రం మరల మా ప్రాంతానికి వచ్చినపుడు, మా అమ్మగారితో కలిసి నేలమీద కూర్చుండి చూచాను. తండ్రి వద్ద పెరిగిన పిల్ల, తల్లి వద్ద పెరిగిన పిల్ల బడిలో కలుసుకొంటారు. ఒకరి ముఖంలో ఒకరు తమను చూచుకొంటారు. పిమ్మట ఒకరి ఇంటికి ఒకరు మారి వెళ్తారు. తల్లిని ఎరుగని పిల్ల తల్లి ఇంట అడుగుపెట్టే ఘట్టంలో మా అమ్మగారు కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నాకింకా జ్ఞాపకం. ఈ కథ ఎక్కడ పుట్టి ఎక్కడికి వచ్చిందో నాకు తెలిసేసరికి మరి ముప్పై ఏళ్ళు పట్టింది.

దీని పుట్టినిల్లు జర్మనీ. రచయిత ఎరిఖ్ కెస్ట్నర్. 1933 మే 10న బెర్లిన్ నగరంలో నాజీలు గ్రంథదహనం చేసినపుడు ఆయన పుస్తకాలు కూడా ఆ మంటలలో పడ్డాయి. జనంలో నిలబడి ఆయన స్వయంగా ఆ దృశ్యం చూచాడు. రచనపై నిషేధం ఉన్న ఆ రోజులలోనే, 1942లో కొద్దికాలం సడలింపు లభించినపుడు, ఈ కవలల కథను చలనచిత్రం కోసం ఊహించాడు. నిషేధం తిరిగి బిగుసుకోవడంతో అది ఆగిపోయింది. యుద్ధం ముగిసిన తరువాత 1949లో అదే కథ బాలల నవలగా వెలువడింది. 1950లో యోసెఫ్ ఫాన్ బాకీ దానిని చలనచిత్రంగా తీశాడు. అందులో నటించిన వారు నిజంగానే కవలలు.

నవలలో ల్యూయిజె అనే పిల్ల వియన్నాలో సంగీతజ్ఞుడైన తండ్రి వద్ద పెరుగుతుంది. లొట్టె అనే పిల్ల మ్యూనిక్‌లో పత్రికా కార్యాలయంలో పనిచేసే తల్లి వద్ద పెరుగుతుంది. వేసవి విడిదిలో కలుసుకొన్న ఇద్దరూ జడలు, దుస్తులు, పేర్లు మార్చుకొని, ఒకరి ఊరికి ఒకరు రైలెక్కుతారు. మనం ఆస్తి పంచుకొన్నట్లు ఆ తల్లిదండ్రులు పిల్లలను చెరొకరుగా పంచుకొన్నారు. ఆ పంపకాన్ని పిల్లలే రద్దు చేశారు.

కథాగమనం నడుమ కెస్ట్నర్ ఆగి పాఠకులతో ఒక మాట చెప్పాడు. దాని సారాంశం ఇది: విడిపోయిన తల్లిదండ్రుల వలన కష్టపడే పిల్లలున్నారు, విడిపోకుండా కలహించుకొనే తల్లిదండ్రుల వలన కష్టపడే పిల్లలూ ఉన్నారు, అనుభవించవలసింది పిల్లలే అయినపుడు, ఆ సంగతి వారితో మాట్లాడకుండా దాచడం తప్పు. బాలసాహిత్యంలో ఈ మాట అనడానికి ఆ కాలంలో ఎంతో ధైర్యం కావాలి.

1961లో డిస్నీ సంస్థ దీనిని ‘ది పేరెంట్ ట్రాప్’ పేరుతో తీసింది. హేలీ మిల్స్ రెండు పాత్రలు ధరించింది. వియన్నా, మ్యూనిక్ నగరాల స్థానంలో కాలిఫోర్నియా, బోస్టన్ వచ్చాయి. అక్కడినుండి కథ మద్రాసు చేరి, 1965లో ‘కుళందైయుం దైవముం’ అనే తమిళ చిత్రమైంది. మరుసటి సంవత్సరం తెలుగు చిత్రం, 1968లో హిందీలో ‘దో కలియా’ వచ్చాయి. తరువాతి కాలంలో నాయికగా పేరు తెచ్చుకొన్న నీతూ సింగ్ హిందీ చిత్రంలో ఆ కవల బాలికలుగా నటించింది.

ఇన్ని సరిహద్దులు దాటిన ఈ కథలో పిల్లల ప్రయాణం మారలేదు, మారింది దోషం. జర్మన్ నవలలో విడిపోయిన దోషం ఆ దంపతులది. చిన్న వయసులో తొందరపడి పెండ్లాడారు, సర్దుకోలేక విడిపోయారు. మద్రాసు చేరేసరికి ఆ దోషం అత్తగారి మెడకు చుట్టుకొన్నది. ధనగర్వం గల ఆ తల్లి పాత్రను జి. వరలక్ష్మి తమిళంలోను, తెలుగులోను ధరించి రక్తి కట్టించారు. భార్యాభర్తలు తమంత తాముగా విడిపోగలరన్న సంగతి తెరమీద చెప్పడానికి మన కథకులకు నోరు రాలేదు. మూడవ మనిషిని దోషిగా నిలిపితే, ఆమె మారిన రోజున అంతా చక్కబడుతుంది.

చట్టం మాత్రం ఈ సంకోచం పాటించలేదు. కెస్ట్నర్ నవల వెలువడిన 1949లోనే మద్రాసు రాష్ట్రంలో హిందువులకు విడాకుల హక్కునిచ్చే శాసనం చేశారు. మా కృష్ణా జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలు 1976 సవరణతో కలిగింది. పిల్లల విషయంలో 1956 నాటి సంరక్షకత్వ చట్టం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తరువాత తల్లి అన్నది. అయిదేళ్ళ లోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలన్నది. ఆ ‘తరువాత’ అంటే తండ్రి మరణించిన తరువాత అని మాత్రమే కాదని సర్వోన్నత న్యాయస్థానం 1999లో స్పష్టం చేసింది. అంటే ‘లేత మనసులు’ వచ్చేనాటికి విడాకులు మన ప్రాంతంలో పదిహేడేళ్ళ పాతమాట. చట్టంలో ఉన్న మాట ఇంటిలో లేదు, బడిలో అసలే లేదు.

బడిలో లేదని చెప్పడానికి నేనే సాక్షిని. 1980ల చివర నేను కంకిపాడు పరిసరాలలో తెలుగు చెబుతున్నపుడు ఇద్దరు అక్కాచెల్లెళ్ళు మా బడిలో చదివేవారు. తండ్రి వద్ద ఉండేవారు. తల్లి బందరులో పుట్టింట ఉన్నదని ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు. రెండేళ్ళు వారికి పాఠం చెప్పి, ఒక్కనాడు ఆ ప్రసక్తి ఎత్తలేదు. తెలిసినా తెలియనట్లుండటమే మర్యాద అనుకొన్నాను.

ఒక శనివారం ఇద్దరికీ జ్వరమని పెద్దపిల్ల దస్తూరితో సెలవుచీటీ వచ్చింది. సాయంత్రం తండ్రి వచ్చి, “మాస్టారూ, పిల్లలు మీతో ఏమన్నా చెప్పారాండీ?” అని అడిగాడు. ఆ మనిషి ముఖం చూస్తే కోపం కాదు, భయం కనిపించింది. కంకిపాడు సెంటరులో బందరు బస్సెక్కారని తరువాత తెలిసింది. ఉయ్యూరు, పామర్రు మీదుగా 50 కిలోమీటర్లకు పైబడిన దారి. పెద్దదానికి పదమూడేళ్ళు, చిన్నదానికి పదకొండు. సోమవారం వారి మేనమామ తెచ్చి దిగబెట్టాడు.

ఆ మధ్యాహ్నం పెద్దపిల్లను పిలిచి, ఏమి అడగాలో తోచక, “దారిలో ఇబ్బంది పడలేదు కదమ్మా?” అన్నాను. ఆ పిల్ల తల వంచుకొని, “అమ్మ మమ్మల్ని గుర్తుపట్టిందండీ” అన్నది. వాళ్ళు తల్లిని చూచి నాలుగేళ్ళు అయిందట. గుర్తుపట్టదేమోనన్న దిగులు అన్నాళ్ళూ మోస్తూ నా యెదుట బల్లమీద కూర్చున్నారు. నేను వారికి సంధులు, సమాసాలు చెబుతూ ఉన్నాను.

మన వాఙ్మయంలో పిల్లలు తల్లిదండ్రులను కలిపే కథకు రెండు ముగింపులున్నాయి. భవభూతి ఉత్తరరామచరితంలో సీతారాములు కుశలవులతో కూడి ఒకటవుతారు. వాల్మీకంలో పిల్లలు తండ్రిని చేరుకొంటారు గాని తల్లి భూగర్భంలోకి వెళ్ళిపోతుంది. 1963 నాటి ‘లవకుశ’లో మనవారు వాల్మీకిని అనుసరించారు, మూడేళ్ళకు ‘లేత మనసులు’లో భవభూతి మార్గం పట్టారు. మా బడి పిల్లలకు ఈ రెండూ కాలేదు. ఆ దంపతులు కలవలేదు. ఎవరూ ఎక్కడికీ అంతర్ధానమూ కాలేదు. బందరు బస్సు మాత్రం రోజూ నడిచేది.

ఆ సినిమాను నేను తక్కువ చేయడం లేదు. మా అమ్మగారి వంటి ఎందరో తల్లులు ఆ చీకటిలో ఏడ్చి, తేలికపడి ఇంటికి వెళ్ళారు. కాని తల్లిదండ్రులను కలిపే బాధ్యతను పిల్లల నెత్తిన పెట్టడం తెరమీద ముచ్చటగా ఉంటుంది. బల్లమీద కూర్చున్న పిల్లకు అది బరువు. వారికి కావలసింది, కెస్ట్నర్ అన్నట్లు, జరిగినదాన్ని దాచకుండా వారితో మాట్లాడే పెద్దవాడొకడు.

తరువాతి నెలలో ఆ పిల్ల మరల సెలవుచీటీ తెచ్చింది. జ్వరమనే వ్రాసి ఉన్నది. నేను కాగితం తిరిగి ఇచ్చి, “ఉన్న కారణమే వ్రాయి తల్లీ, మీ నాన్నగారితో నేను మాట్లాడతాను” అన్నాను. ‘మా అమ్మగారిని చూచుటకు’ అని వ్రాసి తెచ్చింది. సంతకం చేశాను. ఆ సాయంత్రమే తండ్రి ఇంటికి వెళ్ళాను. చాలాసేపు మౌనంగా ఉండి, చివరకు ఇద్దరికీ బస్సు ఛార్జీలు లెక్కపెట్టి నా చేతికే ఇచ్చాడు.